లేని జబ్బు కాదు, పేరు లేని జబ్బు

హసన్‌పర్తిలో మా చిన్నమ్మ ఉండేది. వరంగల్ నుంచి కరీంనగర్ వెళ్ళే దారిలో, ఎర్రగట్టు గుట్ట పక్కన, ఆ ఊరు. వేసవి సెలవులకి మేమంతా అక్కడికే చేరేవాళ్ళం. ఇంటినిండా జనం. అందరికీ వండి వార్చి, గిన్నెలు కడిగి, రాత్రి పదింటికి గాని చిన్నమ్మ నడుం వాల్చేది కాదు. వాల్చిన అరగంటకే లేచి కూర్చునేది. ఒళ్ళంతా దద్దుర్లు. చింతగింజంత ఒకటి, అరచేతంత ఒకటి. కొన్ని రాత్రులు వాటికి తోడు కడుపులో మెలిపెట్టే నొప్పి, గుండెదడ. చిత్రమేమిటంటే, తెల్లారేసరికి ఒంటిమీద ఆనవాలు కూడా మిగిలేది కాదు. డాక్టరుకి చూపిద్దామని వరంగల్ తీసుకువెళితే అక్కడ చూపించడానికి ఏమీ ఉండేది కాదు.

"ఏం లేదన్నడు అక్కా. రక్తం మంచిగున్నదట, మూత్రం మంచిగున్నదట. అన్నీ మంచిగుంటే రాత్రిపూట గిదంత ఏంది?" అని మా అమ్మని అడిగేది.

అమ్మ దగ్గర జవాబు లేదు. మిగిలినవాళ్ళ దగ్గర మాత్రం కావలసినన్ని ఉండేవి. దిష్టి అంది ఒకావిడ. మనసులో ఏదో పెట్టుకుని కుమిలిపోతోందన్నాడు బాబాయి. వాళ్ళ అత్తగారైతే పని తప్పించుకునే వేషాలని ఒక్క ముక్కలో తేల్చేసి, గొంగడి కప్పుకుని పడుకొమ్మంది. చిన్నమ్మ ఎవరితోనూ వాదించలేదు. పాల లెక్క రాసుకునే గోడ కేలండర్ మీద, దద్దుర్లు లేచిన రోజున పెన్సిలుతో చిన్న సున్నా చుట్టేది. అంతే.

ఆ సున్నాలు నాకు చాలా ఏళ్ళు గుర్తుండిపోయాయి. పరీక్షలో కనబడనిది ఒంట్లో లేనట్టేనా? ఈ ప్రశ్నకి వైద్యచరిత్రలో ఓ పెద్ద కథే ఉంది. నవలలు రాసుకునేదానికి నీకీ సైన్సు గొడవెందుకంటారా? నిజమే, నేను చదివింది ఆర్ట్సు. కాని ఈ కథలో సైన్సు కంటే మనుషులే ఎక్కువగా కనిపిస్తారు. అందుకే ధైర్యం చేస్తున్నాను.

కథ రంగులతో మొదలవుతుంది. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు తారునుంచి ఊదారంగు తయారుచేశాడు. ఆ తర్వాత జర్మనీలో రంగుల కార్ఖానాలు పుట్టగొడుగుల్లా లేచాయి. బట్టలకి వేసే ఆ రంగుల్ని తీసుకుని పాల్ ఎర్లిచ్ అనే వైద్య విద్యార్థి శరీరంలోని కణాల మీద వేసి చూడటం మొదలెట్టాడు. వరంగల్ కొత్తవాడ జంపఖానాలు చూసినవాళ్ళకి తెలుసు, ఒకే రంగు నూలు మీద ఒకలా, ఉన్ని మీద ఇంకోలా పడుతుంది. కణాలూ అంతే. నీలిరంగు వేస్తే అన్నీ నీలంగా మారుతుంటే, కొన్ని మాత్రం లోపలినిండా ఎర్రటి ఊదా రేణువులతో మెరిసాయి. సీతాఫలం నిండా గింజలున్నట్టు!

ఎర్లిచ్‌కి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. 1878లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో ఆ కణాలకి 'మాస్ట్ కణాలు' అని పేరు పెట్టాడు. జర్మన్ భాషలో మాస్ట్ అంటే పశువుల్ని బలిపించడానికి పెట్టే మేత. ఇవి బాగా మేసి కడుపు నింపుకున్న కణాలనుకున్నాడు పాపం. మరుసటి ఏడాది, 1879లో, ఇయోసిన్ అనే ఎర్రరంగుని గబగబా పీల్చుకునే ఇంకో రకం తెల్లకణాన్ని కూడా గుర్తించాడు. అదే ఇయోసినోఫిల్. ఇప్పటికీ మన రక్తపరీక్ష కాగితంలో ఆ పేరుంటుంది చూడండి. ఈ రెండో కణాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. మన తెలుగునేల మీద మళ్ళీ కనిపిస్తుంది.

మాస్ట్ కణానికి పేరైతే వచ్చింది గాని, అది చేసే పనేమిటో డెబ్భై ఏళ్ళదాకా తెలియలేదు. ఇంట్లో ఓ మూల కూర్చుని ఉండే మేనత్తలా, ఉందని అందరికీ తెలుసు, ఎందుకుందో ఎవరూ అడగరు. 1910లో డేల్, లెయిడ్లా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు హిస్టమిన్ అనే పదార్థం జంతువుల ఒంట్లోకి ఎక్కిస్తే ఏమవుతుందో చూశారు. రక్తనాళాలు వదులైపోయి రక్తపుపోటు పడిపోతుంది. కొన్ని జంతువుల్లో ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. ఆ హిస్టమిన్ ఒంట్లో ఎక్కడ దాక్కుంటుంది? 1953లో స్కాట్లండులోని డండీలో రైలీ, వెస్ట్ అనే ఇద్దరు జవాబు కనిపెట్టారు. ఎర్లిచ్ చూసిన ఆ ఊదా రేణువుల్లోనే! మేసి బలిసిన కణమని ఎర్లిచ్ అనుకున్నది నిజానికి మందుగుండు కొట్టు. దద్దురు, దురద, ముక్కు కారడం, పిల్లికూతలు, కడుపునొప్పి, గుండెదడ, అన్నిటికీ కావలసిన సరుకు అందులో సిద్ధంగా ఉంటుంది.

మరి దానికి నిప్పు పెట్టేదెవరు? 1921లో జర్మనీలో క్యుస్ట్‌నర్ అనే డాక్టరుకి చేప తింటే పడేది కాదు. ఆయన రక్తంలోని నీటిభాగాన్ని కొంచెం తీసి, స్నేహితుడు ప్రౌస్నిట్స్ తన చర్మంలోకే ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేపసారం గుచ్చుకుంటే అక్కడ దద్దురు లేచింది! పడకపోవడమనేది రక్తం వెంట ఒకరినుంచి ఒకరికి వెళుతుందన్నమాట. ఆ వెళ్ళేదేమిటో పట్టుకోవడానికి ఇంకో నలభై అయిదేళ్ళు పట్టింది. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగే, తెరుకో ఇషిజాకాలు దాన్ని పట్టుకున్నారు. అదే ఐజీఈ అనే ప్రతిరక్షకం. ఇంచుమించు అదే సమయానికి స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్‌లు కూడా దాన్నే వేరే దారిలో చేరుకున్నారు. ఐజీఈ మాస్ట్ కణాన్ని అంటిపెట్టుకుని కూర్చుంటుంది, పడని వస్తువు తగలగానే కణం తన సరుకంతా గుమ్మరిస్తుంది. ఈ సంగతి విప్పిచెప్పిన పనిలో తెరుకో పాత్ర చాలా పెద్దది. ఆ దంపతులు తమ ఒంటి చర్మం మీదే ప్రయోగాలు చేసుకున్నారంటే ఆ పట్టుదల చూడండి.

ఇదంతా ఎక్కడో జర్మనీలో, అమెరికాలో జరిగింది. మన సంగతేమిటి? దానికి మదనపల్లెకి వెళ్ళాలి.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ మిషనరీ సంఘాలన్నీ కలిసి క్షయ వైద్యశాల తెరిచాయి. డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్‌మోలర్ దానికి పెద్ద డాక్టరు. ఆ రోజుల్లో క్షయకి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ పుట్టింది 1943లో. అంతవరకూ మంచిగాలి, మంచితిండి, నెలల తరబడి పడక, మరీ అవసరమైతే ఛాతీలోకి గాలి ఎక్కించి జబ్బుపడ్డ ఊపిరితిత్తికి విశ్రాంతినివ్వడం, ఇదే వైద్యం. క్షయ అన్న మాట పడిందంటే ఆ ఇంటికి అది ఒక్కరి జబ్బు కాదు. కంచం వేరు, గ్లాసు వేరు. ఆ ఇంటి పిల్లని చేసుకోవడానికి ఎవరూ ముందుకు రారు. పెళ్ళయిన పిల్లయితే పుట్టింటికి పంపేస్తారు. మా అమ్మమ్మ తరంవాళ్ళు ఆ మాటని గొంతు తగ్గించి పలకడం నేను విన్నాను.

అలాంటి చోటికి కొందరు రోగులు వచ్చేవారు. రాత్రిళ్ళు తెగని దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, సన్నజ్వరం, చిక్కిపోవడం. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా ఆవాలు చల్లినట్టు మచ్చలు. చూడబోతే క్షయే. కాని కళ్ళెలో ఎంత వెతికినా క్షయ సూక్ష్మజీవి కనబడదు. అన్ని గుర్తులూ కలిసినప్పుడు ఒక్కటి కలవకపోతేనేం, క్షయ కిందే రాసెయ్యి అనేవాళ్ళే లోకంలో ఎక్కువ. ఫ్రిమోట్‌మోలర్, ఆయనతో పనిచేసిన బార్టన్ అలా రాసెయ్యలేదు. ఆ రోగుల రక్తంలో ఇయోసినోఫిల్స్ మితిమీరి ఉన్న సంగతి పట్టుకున్నారు. నేను గుర్తుపెట్టుకోమన్నది ఈ కణాన్నే. మామూలు మనిషికి ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో అవి అయిదు వందలు దాటవు. ఈ జబ్బులో మూడు వేలకు పైనే ఉంటాయి. 1940లో వాళ్ళిద్దరూ ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం రాశారు. ఇది క్షయలా కనిపించే జబ్బు, క్షయ కాదు, దీనికి తోడు ఇయోసినోఫిల్స్ పెరుగుతున్నాయి అని చెప్పారు. కారణం వాళ్ళకి తెలియదు. తెలియదు కాబట్టి రోగిదే తప్పనీ అనలేదు, తెలిసిన జబ్బు పేరు తగిలించీ పంపలేదు.

నా దృష్టిలో ఈ మొత్తం కథలో గొప్ప ఘట్టం ఇదే.

1943లో వైన్‌గార్టెన్ అనే డాక్టరు ఇలాంటి రోగుల గురించే లాన్సెట్ పత్రికలో రాసి 'ట్రాపికల్ ఇయోసినోఫీలియా' అని పేరు పెట్టాడు. ఆర్సెనిక్ కలిసిన సూదిమందు ఇస్తే తగ్గుతోందనీ చెప్పాడు. ఆ మందు ఏమిటనుకున్నారు? సుఖవ్యాధులకోసం ఎర్లిచ్ ప్రయోగశాలనుంచి 1912లో వచ్చిన నియోసాల్వర్సాన్! ఇయోసినోఫిల్‌కి పేరు పెట్టినవాడి మందే తిరిగి తిరిగి ఈ రోగుల దగ్గరికి చేరింది. అయితే అది విషంతో చేసే వైద్యం, ప్రమాదం లేకపోలేదు.

మంచి మందు మనవాడి చేతిమీదుగా వచ్చింది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అనే కడుపు జబ్బుకి అన్నదమ్ముల్నే పోగొట్టుకున్న మనిషి. అమెరికా వెళ్ళి, 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపారు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఫైలేరియా పట్టుకుంది. మనం బోదకాలు అంటామే, ఆ పురుగు. దానికి మందు వెతకగా వెతకగా ఆయన బృందానికి హెట్రజాన్ దొరికింది. 1947లో ఆ సంగతి లోకానికి తెలిసింది. మరుసటి ఏడాది ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. యాభైలలో ఈ ఇయోసినోఫీలియా రోగులకి హెట్రజాన్ ఇచ్చి చూస్తే, ఏళ్ళ తరబడి కూర్చోబెట్టిన దగ్గు రోజుల్లో తగ్గుముఖం పట్టింది. చూడటానికి ఆయన లేరు.

ఫైలేరియా మందుకి తగ్గిందంటే జబ్బు ఫైలేరియాదే అయ్యుండాలి కదా! మరి రక్తంలో పురుగు పిల్లలు ఎందుకు కనబడవు? పల్లెల్లో పెరిగినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఫైలేరియా పరీక్షకి రాత్రి పొద్దుపోయాకే వచ్చి వేలు పొడిచేవారు. ఆ పిల్లపురుగులు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి. ఈ రోగుల్లో మాత్రం రాత్రి చూసినా కనబడవు. 1960లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకి చెందిన వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు అలాంటి రోగుల ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, గ్రంథుల్లో వాటిని చూపించారు. లేకపోవడం కాదు, వెతికిన చోట లేవు, అంతే.

దోమ అదే, పురుగు అదే. ఒకరికి కాలు వాస్తుంది, ఇంకొకరికి అసలేమీ కాదు. వందలో ఒక్కరికైనా ఉంటారో లేదో, కొందరి శరీరం మాత్రం ఆ పురుగు పొడ గిట్టక విరుచుకుపడుతుంది. ఐజీఈ విపరీతంగా తయారవుతుంది, అది మాస్ట్ కణాల మీదెక్కి కూర్చుంటుంది. ఇయోసినోఫిల్స్ దండులా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పిల్లపురుగులు చస్తాయి గాని, ఆ యుద్ధంలో ఊపిరితిత్తి దెబ్బతింటుంది. రోగిని బాధపెట్టేది పురుగు కంటే ఎక్కువగా తన ఒళ్ళు చేసే రక్షణే. ఈ జబ్బు మగవాళ్ళలోనే ఎక్కువ. కాని రాత్రంతా వాళ్ళ పక్కన కూర్చుని వీపు నిమిరిందెవరో, 'మొగుడికి క్షయట' అన్న మాట నూతి దగ్గర పడిందెవరో వేరే చెప్పాలా? ఇప్పుడైతే ఆ మందే దాదాపు మూడు వారాలు వాడిస్తారు. మొదట్లో వాడితే చక్కగా తగ్గుతుంది. కొందరికి మళ్ళీ తిరగబెడుతుంది కూడా. ఆలస్యమైతే ఊపిరితిత్తి గట్టిపడిపోయే ప్రమాదం ఉంది. దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో 2004 నుంచి ఏటా ఇంటింటికీ పంచే బోదకాలు మాత్రల్లో సుబ్బారావుగారి మందే ప్రధానం. ఇంటికొచ్చి ఇస్తే, 'మాకేం జబ్బు లేదుగా' అని డబ్బాలో పడేసేవాళ్ళు ఈ కథ గుర్తుచేసుకుంటే బాగుండును.

ఇక మళ్ళీ మాస్ట్ కణం దగ్గరికి వద్దాం. అది రక్తంలో తిరుగుతూ ఉండదు. చర్మంలో, పేగుల్లో, ఊపిరి గొట్టాల్లో, రక్తనాళాల పక్కన, నరాల కొసల దగ్గర కాపలావాళ్ళలా పాతుకుని ఉంటుంది. ఇల్లంతా దానిదే. అందుకే ఒకే మనిషికి దద్దుర్లు, కడుపునొప్పి, దడ ఒకేసారి రావడం వింత కాదు. మనం మాత్రం చర్మానికి ఒక డాక్టరు, కడుపుకి ఒకరు, గుండెకి ఇంకొకరు అని తిరుగుతాం. ముగ్గురూ తలా ఒక చీటీ రాసి, ఏమీ లేదని పంపుతారు. 2004లో ఇటలీ పరిశోధకులు, పరీక్షల్లో ఏమీ తేలని కడుపునొప్పితో బాధపడేవాళ్ళ పెద్దపేగు ముక్కని పరీక్షించారు. నరాల పక్కన మాస్ట్ కణాలు ఎంత దగ్గరగా ఉంటే నొప్పి అంత ఎక్కువగా ఉందని చూశారు. 'నరాల బలహీనత' అని తేలిగ్గా అనేస్తాం గాని, నిజంగానే నరం పక్కన ఎవరో కూర్చుని గిల్లుతున్నారన్నమాట.

ఆరు వారాలు దాటినా తగ్గని దద్దుర్లని దీర్ఘకాలిక దద్దుర్లంటారు. ఇవి మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి ఇంచుమించు రెట్టింపు. చాలామందిలో తిండి కారణం కాదు. తమ ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలే మాస్ట్ కణాన్ని రెచ్చగొడుతుంటాయి. వంకాయ మానేసి, గోంగూర మానేసి, చివరికి చారన్నంతో బతుకుతున్న ఆడవాళ్ళు నాకు తెలుసు. డాక్టరుని అడక్కుండా ఇలా నోరు కట్టుకోవద్దు.

ఈ మధ్య ఇంకో పేరు వినబడుతోంది. మాస్ట్ కణాల ఉద్రేక లక్షణం అంటే సరిపోతుందేమో. 2010 తర్వాత కొందరు నిపుణులు కూర్చుని దీనికి మూడు షరతులు పెట్టారు. బాధ పదేపదే వస్తూ, ఒంట్లో రెండు మూడు చోట్ల ఒకేసారి కనిపించాలి. ఆ సమయంలో ట్రిప్టేస్ లాంటి మాస్ట్ కణపు సరుకు రక్తంలో పెరగాలి. మందు వేస్తే తగ్గాలి. ఇక్కడే ఒక తిరకాసుంది. ట్రిప్టేస్ కోసం బాధ మొదలైన నాలుగు గంటల్లోపు రక్తం తియ్యాలి, తర్వాత మామూలుగా ఉన్న రోజున ఇంకోసారి తీసి పోల్చాలి. రాత్రి వచ్చిన బాధకి నాలుగు రోజుల తర్వాత వరంగల్ వెళ్ళి రక్తం ఇస్తే 'అంతా మంచిగున్నది' అనే వస్తుంది. ఉండదూ మరి!

అలాగని ప్రతి నీరసానికీ, ప్రతి తలనొప్పికీ మాస్ట్ కణాన్నే నిందించకూడదు. ఈ మూడు షరతుల్ని గట్టిగా పట్టుకోవాలా, సడలించాలా అని డాక్టర్లలోనే రెండు పక్షాలున్నాయి. తొందరపడి పేరు తగిలిస్తే అసలు జబ్బు దాని చాటున దాక్కుంటుంది. ఆరోగ్యవరం కథ చెప్పేది రెండు వైపులా ఉంది. పేరు దొరకలేదని బాధని కొట్టిపారెయ్యడం ఎంత తప్పో, చేతికందిన పేరు అంటించడం అంతే తప్పు. ఈ రెండింటి మధ్యా ఓపికగా వినడం, లెక్కపెట్టడం, రాసిపెట్టడం అనే సన్నని దారి ఒకటుంది. ఆ ఇద్దరు డాక్టర్లు నడిచింది దానిమీదే. తనకి తెలియకుండానే మా చిన్నమ్మ కూడా.

చాలా ఏళ్ళకి హనుమకొండలో ఒక చిన్నవయసు డాక్టరమ్మ, రక్తపరీక్ష రాసేముందు "ఎప్పుడెప్పుడు వస్తుందమ్మా?" అని అడిగిందట. చిన్నమ్మ సంచిలోంచి చుట్టచుట్టిన పాత కేలండర్లు తీసి బల్లమీద పరిచింది. ఆవిడ నవ్వలేదు. ఒక్కొక్క నెలా తిరగేసి, సున్నాలు లెక్కపెట్టి, మత్తు రాని దురద మాత్ర రాసి, రోజూ వేసుకోవాలి, దద్దురు లేచాక కాదు, లేవకముందే అని చెప్పింది. పూర్తిగా పోలేదు. కాని నెలకి ఇరవై సున్నాలుండేవి రెండుకో మూడుకో దిగాయి. చిన్నమ్మ నిద్రపోయింది.

ఇంటికొచ్చి అత్తగారితో చెప్పిందట, "నావి ఏషాలు కావట అత్తమ్మా. దీనికి పేరున్నదట" అని.

"ఏం పేరే?" అందట ఆవిడ.

"ఏమో, నాకు నోరు తిరుగలే. కాయితం మీద రాసిచ్చింది."

అత్తగారు ఇంకేమీ అనలేదట. ఆ రాత్రి గిన్నెలు మాత్రం తనే కడిగిందట.